గొంతు పోయిన పెద్ద వాటాదారు

మైకెన్‌కి ఒకటే కోరిక. బూట్ల కంపెనీ వార్షిక నివేదిక మొదటి పేజీలో, ఎవరి వాటాకి ఎన్ని ఓట్లో పెద్ద అక్షరాల్లో వెయ్యాలి. ఇప్పుడా ముక్క ఎక్కడో చివర, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. స్వీడన్‌లో వెట్టర్న్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో సగం మందికి వాటాలున్నా అంతదూరం చదివిన మహానుభావుడు లేడు. సర్వసభ్య సమావేశం మాత్రం ఎవరూ మానరు. కాఫీ, దాల్చినచెక్క బన్ను, వెళ్ళేటప్పుడు ఉన్ని మేజోళ్ళు ఉచితం మరి.

అక్కడ చేతులెత్తరు. అధ్యక్షుడు అడుగుతాడు, హాలు "అవును" అంటుంది, చెక్క సుత్తి పడుతుంది. ఏళ్ళ తరబడి అలా అరిచి అరిచి, కంపెనీని తామే నడుపుతున్నామని ఊరికి గట్టి నమ్మకం.

ఈసారి మైకెన్ ప్రతిపాదన చర్చకొచ్చింది. చర్చిలో పాట నేర్పే మనిషి కాబట్టి, తన గాయక బృందాన్నంతా తెచ్చి ముందు వరుసల్లో కూర్చోబెట్టింది. కంపెనీ పెట్టినాయన మనవడు, అందరికంటే పెద్ద వాటాదారు అయిన ఆక్సెల్‌కి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. మెడకి మఫ్లరు చుట్టుకుని కూర్చున్న అతన్ని చూసి, ఇక కాదని అరవలేడు కదా అని మైకెన్‌కి ప్రాణం లేచొచ్చింది.

ఒప్పుకుంటున్నారా అని అధ్యక్షుడు అడిగాడు. స్టాక్‌హోమ్ నుంచి పిలిపించిన లాయరతను. "అవును" అన్న కేకకి కిటికీ అద్దాలు గలగలలాడాయి. కాదనేవాళ్ళున్నారా అంటే ఆక్సెల్ నోరు తెరిచాడు గాని గాలి తప్ప ఏమీ రాలేదు. తల అడ్డంగా ఊపాడు.

"కాదన్న మాటే గట్టిగా వినపడింది," అని లాయరు సుత్తి కొట్టాడు.

"నీ పక్కన కూర్చుని నా చెవులు చిల్లులు పడ్డాయి, వీడికేం వినపడిందట?" అన్నాడు మైకెన్‌తో పక్క కుర్చీలోని ఫోల్కె. ఆ బూట్లకే రబ్బరు అతికించి రిటైరైన మనిషి.

మైకెన్ లేచింది. "ఓట్లు లెక్కపెట్టండి. ఎవరివెన్నో పైకి చదవండి."

వాటాదారు అడిగితే కాదనే వీల్లేదు. లాయరు మింగలేక కక్కలేక చదివాడు. ఆక్సెల్ వాటాకి పది ఓట్లు, తక్కినవాళ్ళ వాటాకి ఒకటి. కంపెనీలో ఆరో వంతే అతనిది, ఓట్లలో మాత్రం మూడింట రెండు వంతులు. ప్రతిపాదన వీగిపోయింది.

అచ్చులో చూడాలనుకున్నది మైకెన్ చెవులారా వింది. సంతోషం మాత్రం కలగలేదు. ఫోల్కె ఆమె వైపు తిరిగాడు.

"అయితే ఇన్నేళ్ళూ మనం దేనికి అరిచినట్టు మైకెన్?"

"బన్ను తిన్నందుకు."

ఫోల్కె చేతిలో బన్ను పళ్ళెంలో పెట్టేశాడు.

తర్వాతి అంశం బోర్డు సభ్యుల పారితోషికం పెంపు. ఒప్పుకుంటున్నారా అని లాయరు అడిగాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆక్సెల్ మాత్రం అవునన్నట్టు మఫ్లరు ఊడేలా తల ఊపుతున్నాడు. లాయరు సుత్తి ఎత్తి అలాగే ఆగిపోయాడు.

"ఎవరైనా ఒక్కరు అనండి. మర్యాదకైనా," అన్నాడు.

హాలంతా అతని వంకే చూస్తోంది. చివరికి తనే గొంతు సవరించుకుని, "అవును" అని, తన మాట తనే విని, సుత్తి కొట్టాడు.