ఎదగని బొమ్మకు గౌను

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఒత్తులు తప్పుతాయి, పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. మన్నించి చదవండి.

బందరులో కృపాకుమారి ఉండే పేట చంటిపిల్లల్లో ఆమె కుట్టిన గౌను తొడుక్కోని పిల్ల లేదు. ఆ రోజు మాత్రం ఆమె బల్ల మీద పడుకున్నది బొమ్మ. గుడివాడ నుంచి కామేశ్వరమ్మ టీచరు గారు తువ్వాల్లో చుట్టి తెచ్చారు. పడుకోబెడితే కళ్ళు మూసే పాతకాలం ప్లాస్టిక్ బొమ్మ. చిన్నతనంలోనే పోయిన వాళ్ళ అక్కది. ఏటా దసరా బొమ్మల కొలువులో పై మెట్టు దానిదే. రేపే పాడ్యమి. చూస్తే పట్టు గౌను పురుగు కొట్టేసింది.

"మా మనవరాలు సాయిసుధ ఫోనులో ఒకటి తెప్పించింది. బొమ్మ మెడ వెనక పద్నాలుగు అని ఉంది కదా అని, పద్నాలుగు అంగుళాల బొమ్మకు కుట్టిన గౌను. తొడిగితే ఇది అందులో మునిగిపోయింది."

కృపాకుమారి టేపు పెట్టింది. పదకొండున్నర.

"అది పొడుగు కాదండీ, బొమ్మను పోసిన అచ్చు నెంబరేమో. పొడుగు కుదిరినా ఇప్పటి బొమ్మల బట్టలు దీనికి పట్టవు. వాటికి నడుము ఉంటుంది, దీనికి బొజ్జ ఉంది."

"నీకు మల్లేనా," అన్నారు టీచరు గారు. అంతలోనే నవ్వు ఆపేశారు. "జాగ్రత్త కృపా. మా ఇంట్లో అవయవం పోయిన బొమ్మను కొలువులో పెట్టం, ఇంట్లోనూ ఉంచం. నీళ్ళలో వదలడమే. కిందటేడు కృష్ణుడి చెయ్యి విరిగితే పాలకాయతిప్ప తీసుకెళ్ళి సముద్రంలో వదిలాం."

సన్నటి చేతులకు టేపు మందమని కృపాకుమారి దారంతో కొలిచింది. పెద్ద తలకాయ మీదుగా గౌను దిగదని వెనక అంతా తెరిచి హుక్కులు పెట్టింది. రెండు గంటల్లో గౌను తయారైంది. టీచరు గారు వరండాలో టీ తాగుతున్నారు.

ఒక చెయ్యి దూరింది. రెండోది మోచేతి దగ్గర పట్టేసింది. పిల్లలైతే చెయ్యి ముడుస్తారు, బొమ్మ ముడవదు. కాస్త లాగింది. లోపల టప్పుమంది. ఒక చెయ్యి గౌనులో ఉండిపోయింది, రెండోది ఆమె వేళ్ళ మధ్య మిగిలింది.

గౌను తిరగేసి చూసింది. పిల్ల ఎదిగితే విప్పుకోడానికని కుట్టు లోపల వేలెడు గుడ్డ వదలడం ముప్పై ఏళ్ళ అలవాటు. ఎదగని బొమ్మకూ వదిలింది. ఆ గుడ్డే అడ్డం పడింది.

జిగురు పెట్టి అంటిస్తే? గౌను కప్పేస్తుంది. సీసా చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసింది. అన్నీ పళ్ళెంలో పెట్టుకుని వరండాలోకి నడిచింది.

"చేతులు ఊడాయండీ. తప్పు నాదే."

టీచరు గారు గ్లాసు కింద పెట్టారు.

"తువ్వాలు ఇవ్వు."

"విరగలేదండీ. రెండు చేతులకూ లోపల ఒకటే రబ్బరు, అది పాతబడి తెగింది. కొత్తది వేస్తాను."

"ఊడింది ఊడిందే. మా అమ్మ పెట్టిన పద్ధతి అది. పాలకాయతిప్ప వెళ్ళాలి, అవనిగడ్డ బస్సు ఎన్నింటికి?"

కృపాకుమారి తువ్వాలు ఇవ్వలేదు.

"నిరుడు మీకు మోకాలి చిప్ప మార్చారు. మిమ్మల్నెవరన్నా పాలకాయతిప్ప తీసుకెళ్ళారా?"

టీచరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నోరు పెరిగింది నీకు."

"పెరిగిందండీ."

"నా ఎదురుగానే చెయ్యి. ఎక్కడన్నా బీట కనిపించిందా, ఇంక మాట్లాడొద్దు."

భుజాల అంచులు రెండూ ఆవిడే వేలితో తడిమారు. ఎడమ వైపు ఒక గీత దగ్గర వేలు ఆగింది. గోటితో గీరారు. మట్టి రాలింది.

కృపాకుమారి గుండ్రటి ఎలాస్టిక్ తుంచి ముడి వేసింది. మొదటిది వదులై చెయ్యి వేలాడింది. రెండోది పొట్టిగా వేసింది. ఒక చేతి కొక్కేనికి తగిలించి, తీగతో భుజంలోంచి అవతలి భుజానికి లాగింది. బిగువుకి ప్లాస్టిక్ కిర్రుమంది.

"ఆపు," అన్నారు టీచరు గారు.

"ఇప్పుడు వదిలితే లోపలికి పోతుందండీ. మీరు నడుము పట్టుకోండి. నొక్కకండి."

ఆ ముడతల వేళ్ళు బొమ్మ బొజ్జ చుట్టూ బిగుసుకున్నాయి. కొక్కెం జారింది, మళ్ళీ జారింది, మూడోసారి తగులుకుంది.

టీచరు గారు బొమ్మ చెయ్యి మెల్లగా పైకెత్తి వదిలారు. ఎత్తినచోటే నిలిచింది. రెండోదీ నిలిచింది. అప్పుడు కృపాకుమారి లోపలి గుడ్డ కుట్టు దాకా కత్తిరించేసింది. గౌను జర్రున దిగింది. హుక్కులు టీచరు గారే పెట్టారు, ఒక్కొక్కటీ.

"ఏళ్ళ తరబడి ఆ కుళ్ళిపోయిన రబ్బరు మీదే కూర్చోబెట్టామన్నమాట," అన్నారు తనలో తను. తర్వాత తలెత్తి, "ఎల్లుండి పేరంటానికి రా. పై మెట్టు మీద ఎలా ఉందో చూసిపో."

"ఆదివారం కాదు కదా, చర్చి ఉండదు. వస్తానండీ," అంది కృపాకుమారి.

— సత్యవతమ్మ, డెబ్భై ఒక్క ఏళ్ళు, ప్రస్తుతం గుడ్లవల్లేరులో ఉంటున్నాను.