విశ్రాంతిగా లెక్కపడిన బరువు

మా జోగ్జా నగరపు పాత సంతలో తెల్లవారి వెలుగు మొదట మిరపకాయల గుట్టల మీద పడుతుంది. ఆ ఎర్రటి మసకలో, చారల గుడ్డతో వీపుకు బస్తాలు కట్టుకుని, కళ్లు సగం మూసుకుని, కలలో నడుస్తున్నట్టు మెట్లెక్కే ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లు మోస్తారు, మనం కొంటాం. అంతకుమించి ఆలోచించం. నేనూ చాలా ఏళ్లు ఆలోచించలేదు.

వాళ్లలో అందరికన్నా పెద్దది వాగియెమ్. యాభై ఎనిమిదేళ్లు. ఆమె ఉన్న మోతకూలీల సంఘం రెండే కోరింది: బస్తా ముప్పై కిలోలు దాటకూడదు, కాసేపు నడుం వాల్చడానికి ఒక గది ఉండాలి. వాళ్లకు నిజంగా అంత కష్టముందని సంత కమిటీ రుజువు అడిగింది. రుజువు కోసం విశ్వవిద్యాలయం నుంచి రెత్నో అనే యువ ఇంజినీరు వచ్చింది.

రెత్నో తెచ్చినవి గవ్వంత సెన్సర్లు. ఒంటికి అంటిస్తే చాలు, తీగ లేకుండానే ప్రతి కదలికనూ ఛాతీకి కట్టిన చిన్న డబ్బాకు చేరవేస్తాయి. ఒంటి మీద ఎక్కడ అంటిస్తే కబురు తెగకుండా అందుతుందో ఆమె ఏడాదిపాటు ప్రయోగశాలలో పరీక్షించి, నడుము వెనక భాగమే మేలని తేల్చింది. నెలరోజులు వాగియెమ్‌కూ మరో ముగ్గురికీ అక్కడే అంటించి లెక్కలు తీసింది.

ఆ లెక్కల్ని కమిటీ పెద్ద పాక్ సురోనో అందరి ముందూ చదివాడు. ఎనిమిది గంటల పనిలో వాగియెమ్‌కు ఐదు గంటలు విశ్రాంతి!

"ఏం ఇబూ, సంతకి పనికొస్తున్నావా, పడుకోవడానికొస్తున్నావా?" అన్నాడు. "ఇంకా గదొకటి ఎందుకు?"

అందరూ నవ్వారు. వాగియెమ్ కూడా నవ్వింది. కానీ ఆమె చేతులు మాత్రం భుజం మీది గుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతూనే ఉన్నాయి.

రెత్నో మెట్ల దగ్గర ఆమెను అందుకుంది.

"నేను ఊరికే కూర్చున్నాననుకుంటున్నావా, నాక్?" అని వాగియెమ్ అడిగింది. మా దగ్గర కూతురి వయసువాళ్లను అలాగే పిలుస్తారు; అమ్మ వయసువాళ్లను ఇబూ అని, పెద్దమనుషుల్ని పాక్ అని అంటారు.

"లేదు ఇబూ. యంత్రం అబద్ధం చెప్పదనుకున్నా."

"చెప్పదేమో. నోరు నొక్కేస్తే ఇంకేం చెబుతుంది?" వాగియెమ్ నడుము వెనక్కి చెయ్యి పోనిచ్చింది. "నువ్వు అంటించింది ఇక్కడే కదా? బస్తా కూర్చునేదీ ఇక్కడే."

రెత్నోకు అప్పుడు అర్థమైంది. ప్రయోగశాలలో సెన్సర్లు కట్టుకున్నది ఖాళీ చేతులతో నడిచిన విద్యార్థులు. వీపు మీద బస్తా పడగానే సెన్సర్ ఒంటికీ బియ్యానికీ మధ్య నలిగి, దాని కబురు డబ్బాకు చేరడం మానేసింది. ఏమీ వినబడని గంటల్ని లెక్క విశ్రాంతిగా రాసుకుంది. మోసిన ప్రతి బరువూ పడుకున్న కాలమైపోయింది.

"ముందే చెప్పొచ్చు కదా, ఇబూ!"

"నువ్వు అడగలేదుగా. పెద్ద చదువు చదివావు, తెలుసనుకున్నా."

మర్నాడు ఉదయం రెత్నో తనే మోస్తానంది. "ఇంటికెళ్లి మీ అమ్మకి చెప్పకు, నన్ను తిడుతుంది" అంటూ వాగియెమ్ ఆమె వీపుకు ఇరవై కిలోల మూట కట్టింది. ఏడో మెట్టుకల్లా సంత గోల ఎక్కడో దూరానికి జరిగిపోయింది. వెలుతురు నీళ్లలా కదిలింది. మూపు మీద బరువు తప్ప లోకంలో ఇంకేమీ మిగల్లేదు.

"మీరెలా ఎక్కుతారు?" అంది రొప్పుతూ.

"నేనిక్కడ ఉండనమ్మా. కళ్లు మూస్తే మా ఊరి ఏరు వస్తుంది. నీళ్లలో బరువుండదు కదా, తేలుకుంటూ పైకొచ్చేస్తా. పైన మూట దించాకే నడుం నాదని గుర్తొస్తుంది."

రెత్నో మిగిలిన మెట్లూ ఎక్కి మూట దించింది.

తరువాత తొమ్మిది రోజులు ఇద్దరూ కలిసి సెన్సర్‌కు సరైన చోటు వెతికారు. భుజం మీద గుడ్డ ఒరుసుకుంది. పక్కటెముకల మీద మోచెయ్యి అడ్డొచ్చింది. చివరికి వాగియెమ్ తన మెడ దిగువన ఉండే కంటె ఎముక కింద, ఎడమవైపు, గుడ్డ ముడి తగలని చోట వేలుపెట్టి, "ఇదొక్కటీ ఎప్పుడూ ఖాళీయే" అంది. అక్కడ అంటించాక కబురు ఒక్కసారీ తెగలేదు. ఆమె రోజుకు ఐదు గంటలు బరువు కిందే ఉంటోందని తేలింది.

రెత్నో కమిటీ ముందు నిలబడి, "తప్పు నాది" అని మొదలుపెట్టింది.

"మొన్నటిది నమ్మాలా, ఇవాళ్టిది నమ్మాలా?" అన్నాడు సురోనో.

"మీరే ఎక్కి చూడండి, పాక్."

రెండు చోట్లా సెన్సర్లు అంటించుకుని, బస్తా కట్టించుకుని ఆయన మెట్లెక్కాడు. మొదటి మెట్టుకే నడుము వెనక సెన్సర్ మూగబోయింది. కంటె ఎముక కిందిది పలుకుతూనే ఉంది. తొమ్మిదో మెట్టు దగ్గర ఆయన గోడ పట్టుకుని ఆగిపోయాడు. కిందికి దిగి వచ్చి, వాగియెమ్‌కు కుర్చీ వేయమన్నాడు.

ముప్పై కిలోల హద్దు ఆ వారమే అమలైంది. వానలు మొదలయ్యేలోగా మేడమీద చాపలు పరిచిన గది తెరుచుకుంది.

ఇప్పుడు రెత్నో తన విద్యార్థులకు పాఠం మొదలుపెట్టే ముందు చెప్పే మాట ఇది: "ఒక మనిషి కష్టం మనకు వినబడకపోతే ఆ మనిషి సుఖంగా ఉన్నట్టు కాదు. మనం చెవి పెట్టిన చోటు తప్పు కావచ్చు. సరైన చోటు ఎక్కడో ముందుగా మోసేవాళ్లనే అడగండి."