నల్లపాడు రోడ్డు జాగా

పేపర్లో పడిన ప్రకటనను యలమందయ్య నాలుగుసార్లు చదివాడు. గుంటూరులో ప్రసన్న త్వరిత ఫలహారశాలల కంపెనీ వారికి, కొత్త హోటళ్లు పెట్టడానికి స్థలాలు చూసి ఎంపిక చేసే మనిషి కావాలట. నేల సంగతి తెలిసి ఉండాలట. అబద్ధమాడే అలవాటున్నవాళ్లు రానక్కర్లేదట.

"ఆఖరి ముక్క మీకోసమే రాసినట్టుందండీ," అంది భార్య మాణిక్యమ్మ. "నిజం చెప్పేగా ఉన్న పని పోగొట్టుకున్నారు!"

అదీ నిజమే. సర్వే వాళ్ల వెంట పద్దెనిమిదేళ్లు గొలుసు లాగాడు యలమందయ్య. ఒక మోతుబరి పొలం గట్టు వాగులోకి జరిగిందని పదిమందిలో అనేసరికి, మర్నాటినుంచి రావద్దన్నారు. ఏడాదిగా వేటపాలెంలో జీడిపప్పు బస్తాలు మోస్తున్నాడు.

మాఘమాసంలో ఒక సోమవారం పొద్దున్నే రైలెక్కి గుంటూరులో దిగాడు. మిరపకాయల కాలం. ఊరు ఊరంతా ఘాటు. రిక్షావాళ్లు ముక్కులకు తువ్వాళ్లు చుట్టుకుని తొక్కుతున్నారు. దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ కంపెనీ మేడ వెతికి పట్టుకున్నాడు.

కింద హోటలు. జనం కూర్చోవడం, చిటికెలో ఇడ్లీలు ముందుకు రావడం, తినేసి లేవడం. అయిదు నిమిషాలకు మించి ఎవరూ ఖాళీ విస్తరి ముందు కూర్చోకూడదన్నది అక్కడి నియమం. మేడమీద గదిలో యజమాని చెంచురామయ్య ఒక్కడే ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ పంచె, మెత్తటి మాట. కళ్లు మాత్రం రాత్రిళ్లు నిద్రపోని కళ్లు.

"భోజనం చేశారా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న.

"లేదండి. మా ఇంటిది పులిహోర కట్టిచ్చింది."

"మంచిది. దగ్గరే ఉంచుకోండి. హోటలుకి మంచి జాగా అంటే ఏది?"

"జనం ఆగే చోటండి. నడిచే చోట ఎవడూ తినడు."

చెంచురామయ్య తల పంకించాడు. "నల్లపాడు రోడ్డు మీద నాకో అరెకరం ఉంది. మా మాబు సాహెబ్ జట్కాలో దింపుతాడు. మధ్యాహ్నమంతా అక్కడుండి రండి. ఏం చూశారో చెప్పండి. అదే ఇంటర్వ్యూ. మీకంటే ముందు ఏడుగురు వెళ్లొచ్చారు. ఏడుగురూ దివ్యమైన జాగా అన్నారు."

"కాదాండీ?"

"చూసి రండి," అన్నాడు ఆయన, కిటికీ వైపు తిరిగిపోతూ.

మాబు సాహెబ్ జట్కాని రోడ్డుమీదే ఆపాడు. గుర్రం చెవులు వెనక్కి వాల్చి నిలబడింది.

"లోపలిదాకా పోనియ్యవా?"

"అది పోదు బాబూ," అన్నాడు మాబు సాహెబ్, తను కూడా అటు చూడకుండా. "ఎండ చల్లబడకముందే వస్తాను."

జాగా చూడగానే యలమందయ్యకు ఏడుగురూ ఎందుకు మెచ్చుకున్నారో అర్థమైంది. మూడు రోడ్లు కలిసే చోటు. ఒక పక్క పత్తి జిన్నింగు మిల్లు, ఇంకో పక్క మిరపకాయల గోడౌను. ఎదురుగానే బస్సు ఆగుతుంది. మధ్యలో నిండుగా నీడనిచ్చే వేపచెట్టు. ఇంతకంటే ఏం కావాలి?

కానీ అతనికి అలవాటు కొద్దీ కళ్లు నేలమీదికి పోయాయి. మిల్లు నుంచి బస్సు దగ్గరికి కూలీలు నడిచే కాలిబాట ఉంది. అది సూటిగా ఈ జాగాలోంచి రావాలి. రాలేదు. జాగా అంచుకు వచ్చి వంగి, చుట్టూ తిరిగి, అవతల మళ్లీ తిన్నబడింది. దూరం రెట్టింపు. అయినా మిట్టమధ్యాహ్నం బుట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు కూడా ఆ చుట్టుదారినే నడుస్తున్నారు. లోపల ఒక్క అడుగు గుర్తు లేదు. మేక పెంటిక కూడా లేదు.

రోడ్డుకి ఇవతల మాడే ఎండలో గోనెపట్టా కప్పుకుని ఒక ముసలామె మజ్జిగ అమ్ముతోంది. పేరు నాంచారమ్మ అని చెప్పింది. ఒక లోటా మజ్జిగ తాగి అడిగాడు.

"అంత నీడ పెట్టుకుని ఎండలో కూర్చున్నావేం అవ్వా?"

"ఆ నీడ ఖాళీగా ఉందనుకుంటున్నావా నాయనా?" అంది ఆమె తాపీగా. "యుద్ధం రోజుల్లో అక్కడ గంజి పోసేవాళ్లు. పొదిలి, దర్శి వైపు వానల్లేక జనం మందలు మందలుగా నడిచొచ్చారు. సత్తుగిన్నెలు ముందు పెట్టుకుని బారులు కట్టి కూర్చునేవాళ్లు. ఒకనాడు గంజి అయిపోయిందన్నారు. లేచే ఓపిక లేనోళ్లు లేవలేదు. అంతే."

"నువ్వు చూశావా?"

"ఎత్తుకెళ్లింది మా ఆయనేగా బండిలో."

యలమందయ్య లోటా తిరిగిచ్చాడు. భయమేసింది. అయినా చూడకుండా చూశానని చెప్పడం తన వల్ల కాదు. రోడ్డు దిగి లోపలికి నడిచాడు.

అంచు దాటగానే మిరపఘాటు తెగిపోయింది. తలుపు మూసినట్టు మిల్లు రొద కూడా ఆగిపోయింది. వేపచెట్టు కింద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. పగుళ్లు విచ్చిన నల్లరేగడి. గాలి లేదు. వేపాకు కదలడం లేదు.

కొంతసేపటికి, ఎడమ పక్కన ఎవరో అరచేత్తో నేల ఊడ్చుకున్న చప్పుడైంది. కూర్చోబోయే ముందు మట్టి దులిపే చప్పుడు. దాని తర్వాత దాని పక్కన. దాని పక్కన. అలా రోడ్డు దాకా. ఆ వెనుక నేలమీద గిన్నెలు ఆనిన శబ్దాలు, మెత్తగా, ఒకదాని తర్వాత ఒకటి.

కళ్లకేమీ కనపడలేదు. కానీ కడుపులో ఆకలి లేచింది. అది అతని ఆకలి కాదు. ఎంత లేమిలోనూ అటువంటి ఆకలి యలమందయ్య ఎరగడు. దానికి అడుగు లేదు.

పులిహోర పొట్లం విప్పాడు. ఎందుకు చేస్తున్నాడో తెలియకుండానే వంగి, చిటికెడు చిటికెడు నేలమీద పెట్టుకుంటూ బారు వెంట నడిచాడు. పది చోట్లకు వచ్చింది. పదకొండో చోట పొట్లంలో ఆకే మిగిలింది.

చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ క్షణాన బారు బారంతా తలెత్తి తన నోటివంకే చూస్తున్నట్టు అనిపించింది. ఊపిరి బిగబట్టి ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నారు. ఆ మాట ముందోసారి విన్నవాళ్లు.

"ఉండండి," అన్నాడు యలమందయ్య. "తెస్తాను."

వెనక్కి వెనక్కి నడిచి రోడ్డెక్కాడు. ఎక్కగానే మిరపఘాటు ముక్కుపుటాల్లోకి కొట్టింది. ప్రాణం లేచొచ్చి దగ్గాడు.

సాయంత్రం చెంచురామయ్య ఎదుట నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. బాట వంగిన సంగతి, ఊడ్చుకున్న చప్పుళ్లు, ఆకలి. ఆయన కదలకుండా విన్నాడు. ఆఖరికి వచ్చేసరికి మాత్రం కుర్చీలోంచి లేచాడు.

"తెస్తానన్నారా? ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ చెప్పలేదండి. ఇంకో మాట అనబుద్ధి కాలేదు."

చెంచురామయ్య గోడకు ఆనుకున్నాడు.

"అప్పుడు గంజి పోసే గరిటె నా చేతిలో ఉండేది యలమందయ్య గారూ. రెండో కాగు తడిక వెనక ఉంది, నిండుగా. మర్నాడు ఎవరో పెద్దలు చూడ్డానికొస్తున్నారు, వాళ్ల ముందు పోయాలి, దాచమన్నారు. నేను అయిపోయిందన్నాను. వాళ్లు నమ్మారు. ఒక్కరు కూడా తడిక వెనక చూడలేదు. మర్నాటికి గంజి పులిసింది. పెద్దలూ రాలేదు."

ఆయన ముఖం తుడుచుకున్నాడు. "ఎప్పటికైనా అక్కడ హోటలు పెట్టాలని ఆ నేల కొన్నాను. వాళ్లు వెళ్లిపోయారో లేదో నిజం చెప్పే మనిషి కోసం చూస్తున్నాను. నేను వెళ్లి చూడలేను."

"మాట ఇచ్చొచ్చానండి," అన్నాడు యలమందయ్య. "రేపు గంజి కావాలి."

ఆ రాత్రంతా హోటలు వంటశాలలో రెండు కాగుల జొన్నగంజి కాచారు. మర్నాడు రెండు కాగులూ బండిమీద నల్లపాడు రోడ్డుకి చేరాయి. గరిటె తానే పట్టుకుంటానని చెంచురామయ్య పట్టుబట్టాడు. రోడ్డుమీద చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, లోపలికి అడుగుపెట్టాడు. యలమందయ్య కాగు మోస్తూ వెంట నడిచాడు.

ఆయన వంగాడు, పోశాడు, జరిగాడు. గంజి నల్లరేగడి పగుళ్లలోకి జారి, తడి మచ్చైనా మిగలకుండా పోయింది. నాంచారమ్మ రోడ్డు అవతల లేచి నిలబడి చేతులు జోడించింది. బారు పొడవునా పోసుకుంటూ పోయాడు చెంచురామయ్య. మొదటి కాగు అయింది. రెండోది సగానికి వచ్చింది. రోడ్డుకి దగ్గరగా బారు చివరికి చేరాక ఆగాడు. గరిటె యలమందయ్య చేతికిచ్చాడు. అరచేత్తో నేల ఊడ్చుకుని, ఆ చివర బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అయ్యగారూ, పదండి, పోదాం," అన్నాడు యలమందయ్య.

"నా వంతు రాలేదోయ్," అన్నాడు చెంచురామయ్య, దోసిలి పట్టి.

యలమందయ్య పోశాడు. ఆయన తాగాడు. మళ్లీ పట్టాడు. కాగు అడుగంటేదాకా తాగినా ఆయన కళ్లలో ఆకలి తీరలేదు. చివరికి మాబు సాహెబ్ రోడ్డు అంచు దాకా వచ్చి చెయ్యందిస్తే, ఇద్దరూ కలిసి లేపుకొచ్చారు. అంత మనిషీ గడ్డిమోపంత బరువే ఉన్నాడు.

ఆనాటినుంచి ఆయన రోజూ మధ్యాహ్నం అక్కడికే వెళ్లేవాడు. ఇంట్లో రెండు పూటలా నిండుగా తినేవాడు. ఉగాదికి ఎముకలు తేలాయి. డాక్టర్లు జబ్బేమీ లేదన్నారు. వైశాఖంలో ఒక మధ్యాహ్నం నాంచారమ్మ అటు చూసేసరికి, బారు చివర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండి తల వాల్చేశాడు. ముఖం ప్రశాంతంగా ఉందని ఆమె అంది. యలమందయ్యకు మాత్రం అలా అనిపించలేదు.

ఉద్యోగం అతనిదే అయింది. చీరాలలో, ఒంగోలులో, తాడేపల్లి రేవు దగ్గర కంపెనీ హోటళ్లకు అతను చూసిన జాగాలు బాగా కలిసొచ్చాయి. కొనేముందు ప్రతిచోటా ఒక మిట్టమధ్యాహ్నం ఒంటరిగా కూర్చునేవాడు. నల్లపాడు రోడ్డు జాగాలో ఎవరూ ఏమీ కట్టలేదు. నెలకోసారి కాగుతో గంజి తీసుకుని యలమందయ్య లోపలికి వెళ్తాడు. ఎవరికీ పేరు పెట్టి పిలవకుండా వరసగా పోసుకుంటూ వస్తాడు. రోడ్డుకి దగ్గరగా, చివరి చోట గరిటె వంచేటప్పుడు మాత్రం కొంచెం ఎక్కువే పోసి, "తీసుకోండి అయ్యగారూ," అంటాడు.