మరవ పారిన రోజు

రొద్దం నుంచి పెనుకొండకు పోయే బస్సు మా అత్తగారి ఊరి దగ్గర ఆగదు, కాస్త నెమ్మదిస్తుంది. దిగాల్సిన వాళ్లు దూకాలి. గుండ్లకుంటపల్లి అంటే అంత ఊరు. ఉత్తరాన ఒక బోడి గుట్ట, దక్షిణాన ఇంకో బోడి గుట్ట, నడుమ మూడు వీధులు, ఒక చెరువు, వేరుశనగ వేసి మబ్బుల వంక చూసే జనం. భూగోళం అంతటితో అయిపోయింది. చరిత్ర మాత్రం అడగకండి, మీ బస్సు వెళ్లిపోతుంది.

రాయలవారి ఏనుగులు పెనుకొండ కోట దిగి వచ్చి ఈ చెరువులోనే నీళ్లు తాగేవట. రాణులకు వేరే నీళ్లు పడేవి కావట. ఈ కబుర్లు చెప్పే మా మామ నరసప్ప తాగేది మాత్రం నేను బిందెతో మోసుకొచ్చిన నీళ్లు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత ఇక్కడే పుట్టి ఉండాలి. నాది బుక్కపట్నం. మా చెరువు నిండితే అవతలి గట్టు కంటికి ఆనదు. అయినా మేం రోడ్డు మీద నిలబడి దాని గురించి డప్పు కొట్టుకోం.

చెరువు కింద మాకు ఎకరా మల్బరీ తోట ఉంది. ఆకు కోసి, పట్టుపురుగులను మేపి, గూళ్లను హిందూపురం మార్కెట్టుకు పంపి ఈ ఇంటిని నిలబెట్టింది నేను. పోయినేడు బోరు ఎండిపోయింది. ఈసారి కూడా చెరువుకు నీళ్లు రాకపోతే తోట పీకించి నేల అమ్మేస్తానని నా మొగుడు ఆనంద్ తేల్చి చెప్పాడు. అమ్మేస్తే నేను కూలికి పోవాలి. ఆ తోట నా ప్రాణం.

ఎండాకాలంలో ధర్మవరం నుంచి కార్తీక్ అనే ఆయన వచ్చాడు. ఊళ్ల చరిత్రల మీద వీడియోలు తీస్తాడట. మామ ఏనుగుల కథ మొదలుపెట్టగానే, “శాసనం ఏమన్నా ఉండాదా పెద్దాయనా?” అని అడిగాడు. ఉంది. చెరువు నిండినప్పుడు ఎక్కువ నీళ్లు పొర్లి పోవడానికి కట్టిన రాతి గోడను మరవ అంటారు. ఆ గోడ నడుమన అక్షరాలున్న రాయి ఒకటి ఉంది. మామ జేసీబీ పిలిపించి దాన్ని పీకించి, బస్సు నెమ్మదించే చోట నిలబెట్టించాడు. తర్వాత ఊళ్లో వాళ్లు దానికి నూనె, పసుపు, కుంకుమ పూసి పూసి ఒక్క అక్షరం కనబడకుండా చేశారు. తెలివి అంటే అదీ.

“మామా, ఆ సందు ఎవురు పూడ్చాల? వానొస్తే?” అన్నాను.

“వాన యాడిదమ్మా! వచ్చినప్పుడు చూస్కుందాంలే.”

ఉత్తర కార్తెలో వచ్చింది. రాత్రంతా కురిసి తెల్లారి వెలిసింది. గుట్టల మీది ఎర్ర నీళ్లన్నీ చెరువులోకి దిగాయి. మధ్యాహ్నానికి వీధిలో కేకలు: “మరవ పారుతాండాది! మరవ పారుతాండాది!”

మరవ పారితే ఈ ఊళ్లో గంగమ్మకు మేకను కోస్తారు, ఒక కోడలి చేత నీళ్లలో చీర వదిలిస్తారు. మరవ పారి ఎన్నేళ్లయిందో, కుర్రకారులో దాన్ని చూసినవాళ్లే లేరు. ఈసారి చీర నా చేతికిచ్చారు. డప్పులతో, మేకతో ఊరంతా కట్ట మీదికి నడిచాం. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు?

దగ్గరికి పోయాను. గోడ మీద చేయి పెట్టాను. పొడిగా ఉంది, ఎండకు కాలుతోంది. నీళ్లు పైనుంచి పొర్లడం లేదు. రాయి పీకిన సందులోంచి తన్నుకుంటూ పోతున్నాయి. పక్క రాళ్లు కదులుతున్నాయి, వెనక మట్టి పెళ్లలు పెళ్లలుగా విరుగుతోంది.

“మామా, ఇది మరవ పారడం కాదు. చెరువు ఖాళీ అయిపోతాండాది! గోడ మీద తడే లేదు, చూడు. ఇసుక మూటలు తెప్పించండి!” అని అరిచాను.

డప్పులు ఆగాయి. మామ గోడ వంక చూశాడు. సందు వంక చూశాడు. “పండగపూట ఏం మాటలమ్మా అవి? చీర వదులు” అన్నాడు.

“బుక్కపట్నం మనిషి కదా! మన ఊరికి నీళ్లొస్తే ఓర్వలేదు” అంది పక్కింటి చౌడక్క. ఆనంద్ ఫోన్‌లో వీడియో తీస్తూ, “నలుగురిలో ఊరుకో వరలక్ష్మీ” అన్నాడు.

నేను కిందికి దిగి, చీరను ఉండ చుట్టి ఆ సందులో కుక్కాను. రెండు చేతులతో అదిమి పట్టాను. నీళ్లు దాన్ని లాక్కుపోయాయి. గంగమ్మ చీర అందుకుందని జనం ఈలలు వేశారు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. నేను మోకాళ్లదాకా బురదలో నిలబడి వాళ్లందరినీ నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరికీ వినబడలేదు.

మర్నాటికి చెరువులో మిగిలింది బురదే. అందులో దిగి చేపలు ఏరుకుని, దానికీ సంబరపడ్డారు. నిండకుండానే మరవ పారిన మహిమ గల చెరువు అని కొత్త చరిత్ర కూడా తయారైంది. మామ దాన్ని ఖండించలేదు.

తోట పీకే రోజున చివరి ఆకు కోసుకుంటుంటే మామ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

“నాకు ఆ పొద్దే తెలుసమ్మా. గోడ మీద తడి లేకపోవడం నేనూ చూసినా.”

నా చేతిలో కొడవలి ఆగిపోయింది. “చూసి?”

“ఊరంతా ఎన్నేండ్లకో నవ్వుతాండె. ఆ రాయి పీకించిందేమో నేను. అంతమందిలో ఏమని చెప్పేది?”

ఇన్నాళ్లూ వీళ్లు తెలివితక్కువ వాళ్లని చీదరించుకుంటూ బతికాను. అందులో కొంచెం సుఖం కూడా ఉండేది. తెలివితక్కువ వాళ్లను క్షమించవచ్చు.

“ఆ మాట ఇప్పుడు పోయి నీ కొడుక్కు చెప్పు మామా. చెరువు ఖాళీ అయింది మహిమ వల్ల కాదు, నీ వల్లని చెప్పు. సందు పూడిస్తే వచ్చేసారి నీళ్లు నిలుస్తాయని చెప్పు. అమ్మకుండా ఆగుతాడేమో.”

ఆయన దారి వంక చూశాడు. ట్రాక్టరు మీద ఆనంద్ వస్తున్నాడు. మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, నోరు తెరిచాడు. తర్వాత, ట్రాక్టరు తోటలోకి దిగడానికి అడ్డం లేకుండా, గట్టు దిగి పక్కకు జరిగి నిలబడ్డాడు.