పసుపు జెండా దిగేదాకా

కార్డు మీద రెండే ముక్కలున్నాయి. "వచ్చే శనివారం సాయంత్రం పోటుకి నాన్న పడవని నీళ్లలోకి దింపుతున్నాం. చుక్కానికి పిడి లేదు." కింద ఎర్లే సంతకం. రమ్మనలేదు. ఎలా ఉన్నావనీ అడగలేదు. ఏడేళ్ల తర్వాత రాసిన ఉత్తరం అది.

నేను పదిహేనో ఏట బడి మానేశాను. అప్పట్నుంచి ఇంగ్లండ్ కొసన ఈ కార్న్‌వాల్‌లో ఊళ్లోవాళ్ల పడవలు బాగుచెయ్యడమే నా బతుకు. నా సొంత పడవ పెట్రెల్, ఇరవయ్యారడుగులది. ఏటా మే నెలలో దాంట్లో ఇంగ్లిష్ ఛానల్ దాటి ఫ్రాన్సు వైపు బ్రిటనీకి వెళ్లేవాణ్ణి. అప్పట్లో నువ్వెవడివని అడిగినవాడు లేడు. ఎర్లే వాళ్ల ఊరి రేవులో తాడు కట్టి, సముద్రపు బూట్లతోనే తిన్నగా వాళ్ల వంటింట్లోకి నడిచేవాణ్ణి.

ఎర్లేదీ పడవల పనే. వాళ్ల నాన్న పడవ రేవు బురదలో కుళ్లిపోతుంటే, ఏడాదికి నాలుగు పలకల చొప్పున ఇద్దరం కలిసి దాన్ని లేపుతూ వచ్చాం. చుక్కాని పిడి మాత్రం నేనే చేసిస్తానన్నాను. మా యార్డు వెనక యాష్ చెట్టు కొమ్మ కొట్టి, చెక్కి, షెడ్డులో ఆరబెట్టాను.

ఆ ఏడే ఓటు పెట్టారు, యూరప్‌తో ఉండాలా, విడిపోవాలా అని. లెక్క తేలిన పొద్దున్నే ఎర్లే ఫోన్ చేశాడు.

"నువ్వు దేనికి వేశావురా?"

"విడిపోవడానికే."

"ఎందుకు?"

"నాలుగు పుస్తకాలు చదివిన ప్రతివాడూ నాకు బుద్ధి చెప్పేవాడేరా. ఒళ్లు మండి వేశాను."

వాడు ఫోన్ పెట్టేశాడు. పిడి షెడ్డులోనే ఉండిపోయింది.

కార్డు చూసి నా భార్య లవ్‌డే లేచింది. బిస్కెట్ల డబ్బా దించి కాగితాలు బల్ల మీద పరిచింది. ముప్పై ఏళ్లు బడి ఆఫీసులో గుమాస్తాగా చేసిన మనిషి. కాగితమంటే భయం లేదు.

"ఇక్కణ్ణుంచి వెళ్తున్నట్టు ఒక ఫారం, అక్కడికి వస్తున్నట్టు ఒక ఫారం. పాస్‌పోర్టులు. పడవ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్. దాని మీద పన్ను కట్టినట్టు కొన్ననాటి బిల్లు."

"తొంభై నాలుగులో కొన్నానే!"

"ఉంది, దొరికింది. అన్నీ మూడేసి కాపీలు తీస్తాను."

"ఒకటి చాలదా?"

"నువ్వు ఒకటి తడుపుతావు, ఒకటి పోగొడతావు. నాకు తెలీదా?"

యూరప్‌తో విడిపోయాక ఎర్లే ఊరికి నేరుగా వెళ్లడానికి లేదు. ముందు ఫెర్రీలు వచ్చే పెద్ద రేవు రోస్కాఫ్‌లో ఆగాలి. ముద్ర వేయించుకోవాలి. మాంసం తేకూడదట. అందుకని ఛానల్ మధ్యలో మాంసం కూరిన పేస్టీలు మిగిలిన రెండూ నా చేత తినిపించింది. తర్వాత గంటసేపు పడవ అంచు పట్టుకుని వంగి ఉన్నాను, అది వేరే సంగతి.

ఆ ఫారాలన్నిట్లో నేను సొంతంగా నింపింది ఒకటే గడి, చేరే టైము. శనివారం ఉదయం తొమ్మిది. ఇరవై గంటల ప్రయాణం చేసి, తొమ్మిదికి రెండు నిమిషాలు తక్కువలో రోస్కాఫ్‌లో తాడు విసిరాను. తనిఖీ కాలేదని తెలిసేట్టు పసుపు జెండా ఎగరేసి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

రేవు ఆఫీసామె తేలే బల్లకట్టు మీద నడిచొచ్చింది. "మస్యూ, మీరు తొమ్మిదికన్నారు."

"తొమ్మిదే కదమ్మా." లోపల గోడకి బిగించిన ఇత్తడి గడియారం చూపించాను.

"ఇక్కడ పది."

ముప్పై ఏళ్లుగా ఆ గడియారం ముల్లు తిప్పలేదు. ఆటుపోట్ల లెక్కలన్నీ ఇంటి టైముతోనే వేస్తాను. తిప్పితే ఏదో ఒకనాడు లెక్క తప్పి రాయి ఎక్కిస్తానని భయం. ఛానల్ దాటే ముసలివాళ్లం చాలామందిమి అంతే. కాగితం మీద మాత్రం అవతలి టైము వెయ్యాలన్నది నా బుర్రకి తట్టలేదు.

"ముద్ర వేసే ఆఫీసరమ్మ వచ్చి అరగంట చూసింది. ఇప్పుడు ఫెర్రీల దగ్గరుంది, ఇవాళ తీరదు. రేపు తొమ్మిదికి వస్తుంది," అని ఆగి, "మా తొమ్మిదికి," అంది. "అందాకా ఒడ్డు దిగకండి."

లవ్‌డే ఎర్లేకి ఫోన్ చేసి చెప్పింది. వాడు "ఊఁ" అన్నాడట. అంతే, పెట్టేశాడట.

వాళ్ల ఊరు ఆరు మైళ్లు. పోటు కలిసొస్తే గంటన్నర. మధ్యాహ్నం దాకా పళ్లు నూరుకుని, లేచి తాడు మీద చెయ్యి వేశాను.

"ఏవయ్యా, ఏం చేస్తున్నావు?"

"విప్పుతున్నా. ముద్ర రేపొచ్చి వేయించుకుంటాను. ఎవడు చూడొచ్చాడు?"

"విప్పు, నేను అడ్డురాను." అల్లుతున్న మేజోడు మీంచి తల ఎత్తలేదు తను. "కానీ ఈ గీత గియ్యమని ఓటేసింది నువ్వేగా. నువ్వే దాటేస్తే ఎలాగయ్యా?"

ఏడేళ్లలో తను ఆ మాట అనడం అదే మొదలు. తాడు వదిలి కూర్చున్నాను.

సాయంత్రం ఏడింటికి పోటు నిండి పెట్రెల్ బల్లకట్టుతో పాటు పైకి లేచింది. ఆ క్షణాన అక్కడ వాళ్ల నాన్న పడవ దిగుతుంటుంది. నేను షెడ్డులోంచి తెచ్చిన పిడి ఒళ్లో పెట్టుకుని అవిసెనూనె గుడ్డతో రుద్దుతూ కూర్చున్నాను. రుద్దాల్సిన పనేం లేదు.

తెల్లారి ఎనిమిదిన్నరకి, వాళ్ల టైము, గోధుమరంగు తెరచాప ఒకటి రేవు మలుపు తిరిగింది. వెనక ఒకడు నిలబడి చుక్కాని బదులు పొడుగాటి తెడ్డుతో పడవని నెడుతూ, తిప్పుతూ, తిడుతూ వస్తున్నాడు. నెరిసిన గడ్డం. ఎర్లే.

"ఒరేయ్, టైము తెలీని దద్దమ్మా! ఊరు ఊరంతా నవ్వింది నన్ను చూసి! తెడ్డుతో దింపానురా మా నాన్న పడవని!"

"నా టైము సరిగ్గానే ఉందిరా! నీ దేశమే ఒక గంట ముందుకి జరిగింది!"

"నా దేశం ఎక్కడికీ పోలేదు. పోయింది నువ్వు."

వాడితో పాటు ఆ పడవలో వచ్చిన ముగ్గురు ఊరివాళ్లూ నీళ్లకేసి చూశారు.

"అవును," అన్నాను. "పోయాను. ఇదిగో, ఇంత కట్ట కాగితాలు మోసుకుని మళ్లీ వచ్చాను."

ఎర్లే గడ్డం గోక్కున్నాడు. పడవని పెట్రెల్ పక్కకి తెచ్చి చెయ్యి చాచాడు. నేను పిడి అందించాను. ఒక కొస నా చేతిలో, ఒక కొస వాడి చేతిలో.

"ఆగండి!" బల్లకట్టు మీద ఆఫీసరమ్మ. ముప్పై ఏళ్లుంటాయేమో. చేతిలో ముద్ర సంచి. "ఏంటది? సరుకా?"

"బహుమతి," అన్నాడు ఎర్లే.

"ఖరీదు?"

"చెట్టు ఊరికే ఇచ్చిందమ్మా," అన్నాను.

ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ముందు పాస్‌పోర్టులు. నా పని అయ్యేదాకా ఆ కర్ర ఇటూ అటూ కదలకూడదు. ఇద్దరూ అలాగే పట్టుకోండి."

పట్టుకున్నాం. లవ్‌డే కాగితాలు ఒక్కొక్కటే ఇస్తోంది, ఆమె చదువుతోంది. నా చెయ్యి నొప్పెట్టింది, వాడు రెండో చెయ్యి కూడా వేశాడు. ఎవరూ వదల్లేదు. చివరికి ఆమె కేబిన్ కప్పు మీద పాస్‌పోర్టులు పెట్టి టప్ టప్‌మని రెండు ముద్రలు వేసింది.

"తొంభై రోజులు ఉండొచ్చు."

"తొంభయ్యా! వీణ్ణి తొమ్మిది రోజులు భరిస్తే నాకు దణ్ణం పెట్టాలి," అన్నాడు ఎర్లే.

ఆమె నవ్వింది. "ఇక కర్ర తీసుకోండి."

లవ్‌డే పసుపు జెండా దించింది. నేను వాళ్ల పడవలోకి దిగాను. చుక్కాని తలలో పిడి దూర్చితే లొడలొడ ఊగింది. ఏడేళ్లు ఆరిన కర్ర, సన్నబడింది.

"సందులో చీలిక పెట్టి బిగించాలి," అన్నాడు ఎర్లే. చుట్టూ చూశాం. పడవలో చెక్కముక్క ఒక్కటి లేదు.

"లవ్‌డే, ఆ ఫారం మూడో కాపీ ఇలా ఇవ్వు."

"చెప్పానా, మూడు కావాలని!"

ఎనిమిది మడతలు పెట్టి సందులోకి దిగగొట్టాను. బిగిసింది.

మధ్యాహ్నం పోటు తిరిగాక, పెట్రెల్‌ని అక్కడే కట్టేసి, వాళ్ల పడవలో ఊరికి బయల్దేరాం. ఎర్లే పిడి నా చేతికొదిలేసి ముందుకెళ్లి కూర్చున్నాడు.

"ఎన్నింటికి చేరుస్తావురా?"

"మూడింటికి."

"ఎవరి మూడు?"

"మీ మూడేలేరా."