అత్తగారి చేతిలో సగం కరెంటు

కోడలు రోజూ షెడ్డు తలుపు తీయగానే ముందు నేల ఊడ్చేది, తరవాత రంపం పళ్ళకంటిన పొట్టు దులిపేది, ఆపైన ప్లగ్గు పక్కన అత్తగారికి కుర్చీ వేసేది. అత్తగారొచ్చి గోడలోంచి వచ్చే వైరు కొసని ఎడమచేత్తో, రంపం వైరు కొసని కుడిచేత్తో పట్టుకుంటే పని మొదలయ్యేది.

ఆ పనిముట్లు ఇక్కడివి కావు. కోడలు పరదేశంలో పనిచేసిన కుర్చీల ఫ్యాక్టరీ మూతపడినప్పుడు, జీతానికి బదులు చేతిలో పెట్టినవి. వాటికి నూటపది వోల్టులు చాలు. ఇక్కడి గోడలో రెండువందల ఇరవై. ఆ సంగతి తెలియక మొదటిరోజు డ్రిల్లును నేరుగా గోడకు తగిలిస్తే, ఒక్క కేక పెట్టి పొగైపోయింది.

అత్తగారి సంగతి వీధివీధంతా ఎరుగుదురు. ఆవిడ చేతిమీదుగా వెళ్ళేదేదైనా సగమైపోతుంది. నుదుటిమీద చెయ్యేస్తే జ్వరం సగం, బిడ్డనెత్తుకుంటే ఏడుపు సగం. మిగతా సగం ఎటు పోతుందని ఎవరూ అడగలేదు.

"ఆ వైర్లు ఇలా తే," అంది ఆవిడ, పొగ చూసి.

కోడలి భర్త, అంటే ఆవిడ చిన్నకొడుకు, పోయినప్పటినుంచీ ఆ షెడ్డు మీద పెద్దకొడుకు కన్నుంది. "బడికి ఇరవై బల్లలు ఒప్పుకున్నావుగా. శుక్రవారం సాయంత్రానికి ఇవ్వకపోతే షెడ్డు నా సిమెంటు బస్తాలకు," అన్నాడు.

"ఇస్తే?"

"మళ్ళీ దీని ఊసెత్తను."

"ఆ మాట హెడ్మాస్టరుగారి ముందు అనండి బావగారూ," అంది కోడలు. అతనిచేత అనిపించింది కూడా.

శుక్రవారం మధ్యాహ్నానికి పదహారు బల్లలు నిలబడ్డాయి. ఇంకో నాలుగు బల్లలకు కాళ్ళు కోయాలి. అప్పుడొచ్చాడు పెద్దకొడుకు. తిన్నగా మీటరు దగ్గరికెళ్ళి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. రంపం ఆగిపోయింది.

"లైను బాగుచేయించాలి. రేపొస్తారు మనుషులు."

"ఫ్యూజు పెట్టండి బావగారూ."

"చేత్తో కోసుకో. వెనకటి వడ్రంగులు కోసుకోలేదూ?"

కోడలు చేతిరంపం అందుకుంది. ఒక కాలు తెగేసరికి చెయ్యి లాగేసింది. అయినా రెండోది బిగించింది.

"పిల్లా, అది పక్కన పడేసి ఇటు రా," అంది అత్తగారు. ఎడమచేతి వైరు వదిలేసింది గానీ కుర్చీలోంచి లేవలేదు. "ఈ రంపం కింద కొయ్య పెట్టు."

"కరెంటు లేదుగా అత్తయ్యా."

"గోడలో లేదు. నాలుగు నెలలబట్టీ సగం సగం నా దగ్గరే ఉండిపోయిందిగా."

ఆవిడ కుడిచెయ్యి బిగించగానే రంపం గిర్రున తిరిగింది.

"వదిలెయ్యమ్మా. అసలు నువ్వెవరి పక్షం?" అన్నాడు పెద్దకొడుకు.

"బల్లల పక్షంరా. పొట్టు కళ్ళలో పడుతుంది, అవతలికి జరుగు."

ఎండ వాలుతుండగా హెడ్మాస్టరు బండితో వచ్చి ఇరవై లెక్కపెట్టుకున్నాడు. "ఆ చివర పట్టుకోండి బావగారూ, ఎక్కిద్దాం," అంది కోడలు. హెడ్మాస్టరు చూస్తుంటే పట్టుకోక తప్పలేదు. అతను వంగినప్పుడు జేబులోని ఫ్యూజు జారి నేలమీద టంగుమంది. దాన్ని తీసి కోడలి చేతికిచ్చాడు, మొహం ఎత్తకుండా.

అత్తగారు కొడుకు భుజం మీద వేయబోయిన చేతిని మధ్యలోనే వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ సిగ్గు మాత్రం వాడికి పూర్తిగానే ఉండనీ," అంది.