రోకలి బొమ్మ కవరు

నేను ఒక కవరును. నాలో ఉత్తరం లేదు, ఎన్నడూ లేదు. ఇంత చిన్న సంగతి మా ఇంటాయన ఆదిశేషుగారికి పాతికేళ్లయినా బోధపడలేదు. "ఉత్తరం లేని కవరు దేనికే?" అని భార్య వకుళను అడుగుతూనే ఉంటారు. లెక్కల లెక్చరరుగా ముప్ఫై ఏళ్లు ఎదుటివాళ్ల తప్పులకు ఎర్రసిరా పెట్టిన మనిషి. తన తప్పులకు పెట్టే సిరా మాత్రం ఇంట్లోకి ఎప్పుడూ తేలేదు.

నేను పుట్టింది ఏలూరులో, ఆడపిల్లల బేస్‌బాల్ పోటీల సందర్భంగా. నా ఎడమవైపు బ్యాటు పట్టిన అమ్మాయి బొమ్మ అచ్చువేశారు. గీసినాయన ఆ ఆట చూసి ఉండడు, బ్యాటు అచ్చం రోకలిలా వచ్చింది. కుడివైపు స్టాంపు మీద ఒక పిట్ట. దానికీ ఆటకూ ఏ సంబంధమూ లేదు. అసలు గొప్పంతా ముద్రలో ఉంది. ఆ ఒక్క రోజు కోసం చేయించిన గుండ్రటి ముద్ర, మధ్యలో బంతి, చుట్టూ ఊరూ తేదీ. మైదానంలో షామియానా కింద బల్ల వేసుక్కూర్చున్న పోస్టాఫీసు గుమాస్తా దాన్ని సగం పిట్ట మీద, సగం నా మీద పడేలా కొట్టాడు. మా ఇద్దరికీ అదే బ్రహ్మముడి. విడదీస్తే పిట్ట వట్టి పిట్ట, నేను చిత్తుకాగితం.

ఆ పోటీల్లో ఆడిన వకుళ నన్ను కొని, తన చిరునామాయే రాసి పోస్టుడబ్బాలో వేసింది. సేకరించేవాళ్ల పద్ధతి అది. నాలుగోనాడు పోస్ట్‌మాన్ నన్ను ఆమె చేతికిస్తూ, "మీకు మీరే రాసుకున్నారేంటమ్మా? ఇంట్లో ఎవరూ మాట్లాడరా?" అని జాలిపడ్డాడు.

పెళ్లయి రాజమండ్రి వచ్చాక వకుళ మళ్లీ బంతి పట్టలేదు గాని, నాకు తోబుట్టువులను పోగుచేసింది. జపాను నుంచీ క్యూబా నుంచీ కలం స్నేహితులు పంపిన బేస్‌బాల్ కవర్లు, మొత్తం ఇరవై రెండు. అవన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. నేను మాత్రం పట్టుచీరల అరలో. ఆదిశేషుగారు ఆ అర తెరవరు, చీరలెన్నో తెలిసిపోతాయని భయం.

మొన్న ఊళ్లో స్టాంపుల ప్రదర్శన అంటే వకుళ పేరిచ్చింది. యాభై నాలుగేళ్లకు మొదటిసారి ఆమె పేరు ఒక బోర్డెక్కబోతోంది. అంతలో చెల్లెలికి ఆపరేషనని కాకినాడ వెళ్లాల్సి వచ్చింది.

"ఏవండీ, ఆ డబ్బాకి తడి తగలనివ్వకండి," అని రెండుసార్లు చెప్పింది.

"నాకు చెప్పాలా?" అన్నారాయన.

సాయం చేద్దామనే అనుకున్నారు, పాపం. ఇరవై రెండు కవర్లనూ బేసినులో నానబెట్టి, స్టాంపులు ఊడదీసి, స్కేలుతో గీతలు గీసి మరీ కొత్త ఆల్బంలో అతికించారు.

వకుళ తిరిగొచ్చి ఆల్బం తెరిచింది. ఒక్కో స్టాంపు మీదా కొరికేసిన అప్పడంలా సగం ముద్ర. చివరి పేజీదాకా తిప్పింది.

"కవర్లేవండీ?"

"ఆ ఖాళీవా? దండెం మీద ఆరేశాను. పాల చీటీలకు పనికొస్తాయి. చూడవే, ఎంత నీటుగా వచ్చిందో!"

"ముద్రలన్నీ సగమైపోయాయండీ."

"స్టాంపుల ప్రదర్శనకి స్టాంపులే కదా పెట్టేది? ఇందులో నా తప్పేముంది?"

ఆమె ఆల్బం మూసేసింది. దండెం మీంచి కవర్లు తీసి ఇస్త్రీ చేసింది. నల్లటి అట్టల మీద వరసగా అమర్చింది, స్టాంపులుండాల్సిన చోట్లు బోసిగానే వదిలేసి. నడుమ నన్ను పెట్టింది.

ప్రదర్శన నాడు ఆదిశేషుగారు మంచినీళ్ల సీసా పట్టుకుని వెంట వచ్చారు. ఏమీ తోచక నా ముందు నిలబడ్డారు. పిట్ట రెక్క మీంచి నా మీదికి దిగిన ఆ వృత్తం వెంట గాల్లోనే వేలు తిప్పారు. చుట్టూ తిరిగి వచ్చింది వేలు. ఏలూరు, తేదీ, అన్నీ ఉన్నాయి. పక్క కవరు మీద తిప్పారు. సగంలో ఆగిపోయింది. దాని పక్కదీ అంతే. సగం గీత ఉంటే వృత్తకేంద్రం కనిపెట్టగలరాయన. ఏ ఊరో, ఏ రోజో కనిపెట్టలేరు.

అంతలో న్యాయనిర్ణేత భూతద్దంతో వచ్చాడు. వెనకాల జనం.

"ఈ నడిమిది బంగారంలా ఉందమ్మా. మిగతావాటికేమైంది?"

వకుళ భర్త వైపు చూడలేదు. "ఇంట్లో నీళ్లు పడ్డాయండీ," అంది.

ఆదిశేషుగారు సీసా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. గొంతు సవరించుకున్నారు. తరగతిలో ఆఖరి బెంచీకి వినపడే గొంతు అది.

"పడలేదండీ. నేనే నానబెట్టాను. తడి తగలనివ్వొద్దని ఆవిడ రెండుసార్లు చెప్పింది. తప్పు నాదే."